తెరచాప క్రింద కాపురం

ఉప్పాడ ఒడ్డున తెల్లవారుజామున కొంతసేపు నిలుచుంటే గాలి నడక తెలుస్తుంది. రాత్రి చల్లబడిన నేల మీదనుండి సముద్రం వైపు మెల్లగా వీచే గాలి, ప్రొద్దెక్కి ఇసుక కాలిన తరువాత దిక్కు మార్చుకొని సముద్రం మీదనుండి ఊరి మీదికి వస్తుంది. దుంగలను త్రాళ్లతో కలిపి కట్టిన తెప్ప మీద తెరచాప ఎత్తి, మొదటి గాలితో లోనికి వెళ్లి, రెండవ గాలితో ఇల్లు చేరడం ఈ తీరపు జాలరులు తరతరాలుగా సాగించిన ప్రయాణం. నేడు ఆ తెప్పల చోటును ఇంజను బిగించిన ఫైబరు పడవలు చాలవరకు ఆక్రమించినవి. కాకినాడ రేవుకు హోప్ ఐలాండ్ అనే ఇసుకతిన్నె అడ్డుగా ఉన్నది. దానికి ఉత్తరాన ఉన్న ఉప్పాడకు ఆ చాటు లేదు. ఇళ్లను, రోడ్డును కూడా కోసుకొనిపోతున్న అలలకు ఎదురుగానే ఇక్కడి పడవలు దిగవలె.

ఒక పూట ప్రయాణానికే ఇంత లెక్క చూసుకోవలసి ఉండగా, నెలల తరబడి తెరచాప పడవలోనే కాపురముండేవారి సంగతి ఎట్లుండును? 2017 సెప్టెంబరు 10న భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళాధికారులు తారిణి అనే తెరచాప పడవలో గోవానుండి బయలుదేరి, భూమిని చుట్టి, 2018 మే 21న తిరిగి వచ్చారు. 254 రోజుల యాత్ర. సుమారు 21,600 నాటికల్ మైళ్లు. వారిలో విశాఖపట్నం వారైన పి. స్వాతి, హైదరాబాదు వారైన బొడ్డపాటి ఐశ్వర్య ఉండడం మనకు సంతోషకారణం. పడవ పొడవు దాదాపు 17 మీటర్లు. మన పల్లెల్లో ఒక పెంకుటింటి వసారా అంతకంటె పెద్దగా విస్తరించి ఉండవచ్చును. ఆ చోటులోనే వంట, నిద్ర, వైద్యం, మరమ్మతు, అప్పుడప్పుడు అలకలు, అన్నీ జరగవలె.

ఇటువంటి కాపురంలో మొదటి లెక్క నీటిది. మనిషికి త్రాగడానికి, వంటకు కలిపి రోజుకు 4 లీటర్లనుకుంటే, నలుగురికి పది రోజులకు 160 లీటర్లు కావలె. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే యంత్రాలు వచ్చినవి గాని, యంత్రం చెడిపోయే రోజు ఒకటి ఉంటుందని తలచి వేరుగా నీరు దాచుకొనేవాడే తెలివైనవాడు. దాచిన నీటిని ఒకే తొట్టిలో ఉంచరాదు. ఒక తొట్టి కారితే రెండవది మిగలవలెను గదా. దాహం తట్టుకోలేక ఉప్పునీరు త్రాగడం ప్రాణాపాయకరం. సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. దానిని వెలుపలికి పంపడానికి మూత్రపిండాలు త్రాగిన నీటికంటె ఎక్కువ నీటిని దేహంనుండే తీసుకొంటవి. స్నానాలకూ బట్టలకూ వాన కురిసిన రోజే పండుగ.

రెండవది పొయ్యి. ఊగే పడవలో పొయ్యిని ఉయ్యాలవలె అమరుస్తారు. పడవ ఎటు ఒరిగినా గిన్నె నిలువుగా ఉంటుంది. ఇంతకంటె ముఖ్యమైన మాట గ్యాసును గురించినది. వంటగ్యాసు గాలికంటె బరువైనది. మన ఇళ్లలో తలుపు, కిటికీ తెరిస్తే అది బయటికి పోయే దారి కొంత ఉంటుంది. పడవ అడుగు నలువైపులా మూసిన గిన్నె వంటిది గనుక, కారిన గ్యాసు అక్కడే నిలిచిపోతుంది. ఎవరూ చూడరు; ఒక్క నిప్పురవ్వ చాలును. అందువల్ల వంట ముగిసిన వెంటనే పొయ్యి మీట మాత్రమే గాక, సిలిండరు మీటను కూడా కట్టివేయడం ఓడమర్యాద. ఈ మర్యాద మన వంటిళ్లలోకి వచ్చినా నష్టం లేదు.

అన్నిటికంటె భయపడవలసినది పడవనుండి జారి పడడం. తెరచాప పడవ గంటకు 6 నాటికల్ మైళ్ల నెమ్మది వేగంతో పోతున్నదనుకొందాము. ఒక్క నిమిషంలో అది 185 మీటర్ల దూరం దాటిపోతుంది. అంత దూరాన, అలల నడుమ, మనిషి తల కొబ్బరికాయంత కూడా కనిపించదు. తెరచాప దించి, పడవను త్రిప్పి వెనుకకు తేవడానికి నిమిషాలు పడుతవి. అందుచేత ఒకడు పడిన మరుక్షణం మిగిలినవారిలో ఒకడు ఏ పనీ ముట్టక, అతని మీదనుండి చూపు మరల్చక, చేయి చాచి చూపుతూ నిలువవలె. అసలు పడకుండా ఉండడానికి భుజాలకు, నడుముకు పటకా బిగించి, దాని త్రాటి కొనను పడవకు తగిలించుకొంటారు. పెనుగాలిలో ఎవరైనా చేస్తారు. ప్రశాంతమైన రాత్రి, నిద్రమత్తులో, ఒక్క క్షణానికేనని పైకి వచ్చినపుడు కూడా తగిలించుకోవలె. చేతికి అలవాటైనదే ఆపదలో అక్కరకు వచ్చేది.

తారిణి యాత్రలో 2018 జనవరిలో దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్‌ను దాటవలసి వచ్చింది. అటువంటి సముద్రాలలో గాలి పెరిగిన తరువాత తెరచాప కుదించుదామనుకొంటే ఆలస్యమైనట్లే. కుదించవలెనా అన్న అనుమానం మనసులో తోచినపుడే కుదించవలెనని నావికులలో అనుభవజ్ఞులు చెబుతారు. ఇంత జాగ్రత్త ఉన్నా ఆ పడవ చుక్కాని త్రిప్పే యంత్రభాగం చెడి, మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవులో అనుకోకుండా ఆగవలసి వచ్చింది. ఆగడానికి సిగ్గుపడకపోవడం కూడా ఓడవిద్యలో ఒక భాగమని నా అభిప్రాయం.

ఇంక ఒడ్డువారి పని ఉన్నది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తుపాను తీరం దాటింది. వెయ్యిమందికి పైగా మరణించారు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్లలో వేటకు వెళ్లిన ఎందరో ఇంటికి రాలేదు. నడిసముద్రంలో ఉన్నవానికి వార్త అందకపోతే, ఒడ్డున ఎన్ని హెచ్చరికలు చేసినా అతనికి అవి లేనట్లే. ఇప్పుడు సెల్‌ఫోన్లు, వైర్‌లెస్ పరికరాలు, ఆపదలో ఉపగ్రహానికి కబురు పంపే చిన్న యంత్రాలు వచ్చినవి. హైదరాబాదులో 1999లో ఏర్పడిన జాతీయ సముద్ర సమాచార కేంద్రం అలల ఎత్తును ముందుగా తెలుపుతున్నది. బ్యాటరీ అయిపోయిన యంత్రం మాత్రం మూలనున్న రాయితో సమానం. ప్రయాణానికి ముందు ఇంటి ఇల్లాలే దానిని చూడడం మంచిది. ఎందరు వెళ్లారు, ఎటు వెళ్లారు, నీరెన్ని రోజులకు ఉన్నది, ఎప్పటికి రావలె అన్నవి ఆమెకు తెలియవలె. ఆ గడువు దాటిన పూటనే ఆమె రేవుకు కబురు చేయవలె.

రేవులలో ఎగురవేసే హెచ్చరికలు 1 నుండి 11 వరకు ఉన్నవి. పదవది మహాప్రమాద సూచిక అని చాలామందికి తెలుసు. పదకొండవది అంతకంటె పెద్ద తుపానును తెలుపుతుందని అనుకొనేవారు కలరు. హెచ్చరికలు పంపే కేంద్రానికి, రేవుకు మధ్య సంబంధం తెగిపోయినదని దాని అర్థం. ఆ గుర్తు ఎగిరిన రోజున గాలి ఎంత నెమ్మదిగా ఉన్నా, ఉప్పాడ ఇసుక మీది పడవను నీటిలోనికి త్రోయకపోవడమే మేలు.