ఏథెన్సు న్యాయసభ
(గ్రంథాలయమున గావించిన యుపన్యాసము)



ప్రాచీన గ్రీకుల సంఘమును, మతమును, విద్యలను గూర్చి పరిచయముగా నాలుగు మాటలు చెప్పుడని యీ గ్రంథాలయమువారు మమ్ము గోరిరి. విషయము సముద్రము, మాకిచ్చిన కాలము స్వల్పము. మా వృత్తి న్యాయవాదము గావున మాకలవాటైన వాకిటినుండియే యీ యింటిలోనికి బ్రవేశించెదము. ఏథెన్సు నగరపు న్యాయసభలో గొంతసేపు గూర్చుండినచో ఆ జాతి దేవతలును, ఆచారములును, ఘనతయు, కొఱతయు మన కంటబడకపోవు.

గ్రీకులనగా నొక్క రాజ్యము కాదు. కొండలును, సముద్రమును విడదీసిన వందలకొలది పట్టణములు. ప్రతి పట్టణమును ఒక స్వతంత్రరాజ్యము. వారి భాష యొకటి, కొలుచు దేవతలు నొక్కరే, హోమరు కావ్యములు అందఱి సొత్తు. నాలుగేండ్లకొకసారి ఒలింపియాలో జ్యూసుదేవుని యుత్సవమునకు గూడి పందెములాడుదురు. ఇండ్లకు మరలినపిదప నొకరితో నొకరు పోరాడుదురు. మన పూర్వులు వీరిని యవనులనిరి. వారిలో నొక శాఖయగు అయోనియనుల పేరే పారసీకులద్వారా మనకట్లు వచ్చినది.

ఏథెన్సులో క్రీ.పూ. 508 ప్రాంతమున క్లెయిస్థనీసు పౌరులను పది తెగలుగా విభజించి, 500 మందితో నాలోచనసభ నేర్పఱచెను. తరువాతి శతాబ్దమునకు న్యాయవిచారణయు జనులచేతికి వచ్చినది. ముప్పదియేండ్లు నిండిన పౌరులలో సంవత్సరమునకు 6000 మందిని చీట్లువేసి యెన్నుకొనెడివారు. వ్యాజ్యముయొక్క గౌరవమునుబట్టి 201 మందియో, 501 మందియో, అంతకు మించియో కూర్చుందురు. వేఱుగా న్యాయాధిపతి లేడు. అధ్యక్షత వహించు నుద్యోగి సభను నడపునేగాని చట్టమిట్టిదని బోధింపడు. తీర్పుపై అప్పీలు లేదు. అన్నిటికంటె వింత యేమనగా, ప్లీడర్లు లేరు! ఎవని వ్యాజ్యము వాడే చెప్పుకొనవలెను. నోరులేనివాడు లైసియాసువంటి రచయితకు సొమ్మిచ్చి వాదము వ్రాయించుకొని, కంఠస్థముచేసి వచ్చి యొప్పగించును. ఆ లైసియాసు పరదేశివంశజుడగుటచే పౌరుడు గాడు. తాను వ్రాసిన వాదములలో నధికభాగము ఇతరుల నోటనే పలికినవి. కాలమును నీటితో గొలుచుచుండిరి. మన గడియకుడుక నీట మునుగును. వారి కుండనుండి నీరు కాఱును. నీరైపోయిన వాదమును ఐపోవలెను. ఈ యేర్పాటు మా వృత్తివారికి నేడును మేలుచేయునని మా మిత్రులే యనుచుందురు.

పనిమానుకొని వచ్చు బీదవాడు నష్టపడకుండుటకై పెరిక్లీసు దినమునకు రెండు ఒబోలుల భత్యము నేర్పఱచెను. పిదప నది మూడైనది. అరిస్టోఫనీసు ‘కందిరీగలు’ అను ప్రహసనమున నీ తీర్పరుల పిచ్చిని వెక్కిరించి, జున్ను దొంగిలించిన కుక్కను విచారణకు నిలిపినాడు. ఆ తీర్పరులే కూర్చుండి నవ్విరి.

ఇంక మతము. వారికి వేదమువంటి ప్రమాణగ్రంథము లేదు. కొన్ని పూజారిపదవులు కొన్ని వంశములవి, కొన్ని చీట్లచే వచ్చునవి. బలిపీఠము గుడివెలుపల నుండును. ఎముకలును, క్రొవ్వును దేవతలకు, మాంసము జనులకు. ఏథీనాదేవికి స్త్రీలు నేసిన క్రొత్తవస్త్రమును ఊరేగింపుగా గొనిపోయి సమర్పించెడివారు. అమ్మవారికి చీరపెట్టు నాచారమెఱిగిన మనకిది వింతగాదు. నాటకములును డయొనీససుదేవుని యుత్సవములోని భాగములే. కావున దైవపూజ పట్టణధర్మము. ఒకడేమి నమ్మెనో యెవరును సాధారణముగా అడుగరు. పూజలో నందఱతో నిలిచెనా యనునదే ప్రశ్న.

ఇంత చెప్పి, ఆ సభలో గూర్చుండనివారిని మఱచుట న్యాయము గాదు. స్త్రీలకు సమ్మతి లేదు. పరదేశులు తరతరములు కాపురమున్నను పౌరులు గారు. బానిస సాక్ష్యమా, చిత్రహింసపెట్టి రాబట్టిననేగాని చట్టమున జెల్లదు. ఈ నియమమును మొదట జదివిననాడు మేము పుస్తకము మూసివేసితిమి. క్రీ.పూ. 480లో సలామిసువద్ద పారసీకులను గెలిచిన యోడలకు ధనమిచ్చినవి లారియము వెండిగనులు. ఆ గనులలో ద్రవ్వినవారు బానిసలు. స్వాతంత్ర్యమును నిలిపిన యోడకు వెల చెల్లించినవాడు స్వతంత్రుడు కాడు.

క్రీ.పూ. 406లో నౌకాయుద్ధమున గెలిచియు, తుపానులో మునుగు నావికులను రక్షింపలేదని, ఆఱుగురు సేనాధిపతులను జనసభ యొక్క తీర్మానముతో జంపించెను. ఒక్కొక్కరిని విడిగా విచారింపవలెనను చట్టము త్రోసివేయబడినది. నాటి యధ్యక్షవర్గములో నుండి యొప్పుకొననని నిలిచినవాడు సోక్రటీసు. క్రీ.పూ. 399లో నతడే డెబ్బదియేండ్ల వయసున ముద్దాయియై నిలిచెను. పట్టణదేవతలను మన్నింపలేదనియు, క్రొత్త దైవములను దెచ్చెననియు, యువకులను జెఱచెననియు నేరములు. ఐదేండ్లక్రితమే ఏథెన్సు స్పార్టాకు లొంగిపోయినది. పిమ్మట ముప్పదిమంది నిరంకుశులు నగరమును బాధించిరి. వారి నాయకుడు క్రిటియాసు ఒకప్పుడు సోక్రటీసుతో దిరిగినవాడు. ఆ కోపము నేరపత్రమున లేదు. తీర్పరుల మనసులలో లేదని మాత్రము మేము నమ్మజాలము. ముప్పది సమ్మతులు మాఱినయెడల విడుదలయై యుండెడివాడని ప్లేటో చెప్పును. శిక్ష నీవే కోరుకొనుమన్నప్పుడు పురమందిరమున నాకు భోజనము పెట్టుడని యా ముసలివాడనెను! ఏ ప్లీడరును తన కక్షిదారునిచే ఇట్లనిపించి యుండడు. డెలోసుద్వీపమునకు బోయిన పవిత్రనౌక మరలువఱకు చెఱలోనుండి, తప్పించెదమన్న మిత్రులను వారించి, విషము త్రావెను.

జనులు తీర్పుచెప్పిన నిట్లే యగునని కొంద ఱీ కథను జూపుదురు. మాకది సమ్మతము గాదు. నిరంకుశులు విచారణయే లేక యెందఱినో చంపిరి. లైసియాసు సోదరుడు అట్లే మడిసెను. కాని ఏథెన్సువారి తప్పు చిన్నదనియు మేమనము. నెపము మోపుటకు వారికి రాజు లేడు, పరదొర లేడు. 501 మందియని చెప్పబడు నా తీర్పరులు స్వహస్తములతో వేసిన తీర్పది.

ఆ వాదమును ప్లేటో గ్రంథస్థము చేసి, ఆ నగరమునందే విద్యాపీఠము నెలకొల్పి, వృద్ధుడై మరణించెను. అతని నెవరును వారింపలేదు. 1908లో గాంధీగారు దక్షిణాఫ్రికానుండి దానిని గుజరాతీలో సంగ్రహించి, సోక్రటీసును సత్యవీరుడని పిలిచిరి. 1910లో బొంబాయి ప్రభుత్వము ఆ చిన్నపుస్తకమును నిషేధించినది.

ప్లేటో గ్రంథ మీ మందిరపు బీరువాలలో నున్నదో లేదో మేము చూడలేదు. లేనియెడల దెప్పింపవలెనని కార్యదర్శిగారిని వేడుచున్నాము. రెండుగంటలలో జదువదగినది.