మన ఓమెరు ఎంత?



తృప్తి గురించి మాట్లాడమన్నారు. కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో నిలబడి ఈ మాట ఎత్తాలంటే కొంచెం సిగ్గుగానే ఉంది. మన తాతముత్తాతలు, వారి పక్కనే తమిళ సోదరులు, ఈ నేలను మూడు కిలోమీటర్లకు పైగా లోతు తవ్వారు. నూట ఇరవై ఏళ్ల పాటు ఇక్కడ బంగారం పైకి వచ్చింది. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడింది. మనకు మిగిలినవి సైనైడు దిబ్బలు, లైన్లలో ఇరుకు ఇళ్లు, దుమ్ము పీల్చి పాడైన ఊపిరితిత్తులు. ఇప్పుడు మనలో ఎంతోమంది చీకటితోనే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పనికి పోయి రాత్రికి ఇల్లు చేరుతున్నారు. అలాంటివారితో ‘ఉన్నదానితో సరిపెట్టుకోండి’ అంటే అది సువార్త కాదు, యజమాని మాట.

జీతంతో తృప్తి పడమని బాప్తిస్మమిచ్చు యోహాను ఎవరితో అన్నాడో చూడండి. కూలివాళ్లతో కాదు, జనాన్ని బెదిరించి గుంజుకునే సైనికులతో. కోత కోసినవారి కూలి బిగబట్టిన ధనవంతులను యాకోబు తన పత్రికలో నిలదీశాడు. కాబట్టి రావలసిన కూలి అడగడం అసంతృప్తి కాదు. అది మానకండి.

మరి మనం తగ్గించుకోవలసింది ఏది? మా ఇంటి సంగతే చెబుతాం. రెండేళ్ల క్రితం వాయిదాల మీద పెద్ద టీవీ తెచ్చాం. పాతది బాగానే పనిచేస్తోంది. పక్కింట్లోకి పెద్దది వచ్చింది, అంతే. ఆ ఏడాదంతా భోజనానికి కూర్చున్నా మనసు ఐదో తారీఖు మీదే. సంఘంలో ఒక విధవరాలు కొడుకు పరీక్ష ఫీజుకు సాయం అడిగింది. “వచ్చే నెల చూద్దామమ్మా” అన్నాం. వచ్చే నెలకు గడువు దాటిపోయింది. ఆ పిల్లవాడు ఆ ఏడు పరీక్ష రాయలేదు. టీవీ మాత్రం గోడ మీద ఉంది. దాన్ని చూసినప్పుడల్లా వాడే గుర్తొస్తాడు.

ఐగుప్తులో ఫరో కొట్లు కట్టిన చేతులే అరణ్యంలో మన్నా ఏరుకున్నాయి. మనిషికి ఒక ఓమెరు. రేపు దొరుకుతుందో లేదో అన్న భయంతో కొందరు దాచారు, తెల్లారేసరికి అది పురుగు పట్టింది. విశ్రాంతి దినం కోసం ముందురోజు రెండింతలు ఏరుకుంటే మాత్రం పాడవలేదు. పిల్లల చదువుకని చీటీ కట్టడం వేరు, పక్కింటిని చూసి అప్పు చేయడం వేరు.

పెళ్లిళ్ల సంగతి చూడండి. ఈ ఊరి బంగారం తవ్వినవారి మనవరాళ్ల మెడలో వేయడానికి వడ్డీకి తెచ్చి బంగారం కొంటున్నాం! ఇంతకంటే విడ్డూరం ఉందా? తమ్ముళ్లారా, కట్నం వద్దని మీరు అనండి. అమ్మానాన్నలతో మేము మాట్లాడతాం.

పౌలు తృప్తిని నేర్చుకున్నానని రాశాడు, అదీ సంకెళ్లలో ఉండి. పుట్టుకతో వచ్చిందనలేదు. మేమూ ఇంకా నేర్చుకుంటున్నాం. ఈ ఏడాది మా ఇంట్లో కొత్త వాయిదా ఏదీ పెట్టుకోలేదు. ఆ పిల్లవాడి ఫీజు ఈసారి గడువుకు ముందే కట్టాం.

బయట అన్నం, సాంబారు సిద్ధమట. ఫోన్లు సంచుల్లో పెట్టేసి, పక్కనున్నవారి పేరు అడిగి కూర్చుందాం రండి.