మత్తులో పడిన బిడ్డకు బడి తలుపు మూయవచ్చునా?

(ప్లాటినం జూబిలీ ఉత్సవములలో భాగముగా జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠము)



పండుగ పూట ఇటువంటి విషయము ఎందుకని కార్యవర్గములో ఒకరిద్దరు పెద్దలు అన్నారు. బడి గొప్ప చెప్పుకొనుటకు మిగిలిన రోజులున్నవి. మాన్వి పట్టణములోని వారు, చుట్టుప్రక్కల క్యాంపులలోని వారు ఇంతమంది తల్లిదండ్రులు ఒక్కచోట చేరుట మళ్ళీ ఎప్పటికో. అందుచేత ఈ ఒక్క పూట నాకిమ్మని అడిగి తీసుకొన్నాను.

మొదట నా తప్పు చెప్పుకొంటాను. ఇరవై యేండ్ల క్రిందటి మాట. అప్పుడు నేను వేరొక పాఠశాలలో తొమ్మిదవ తరగతికి క్లాసు టీచరును. ఒక బాలుడు మధ్యాహ్నపు పీరియడు మొదలు కాగానే తల వాల్చి నిద్రపోయేవాడు. సోమరితనమనుకొన్నాను. బెంచీ ఎక్కించి నిలబెట్టినాను. నిలబడియే తూగినాడు. చేతివ్రాత ఆరు నెలలలో గుర్తుపట్టరానంతగా చెడిపోయినది. అప్పటికి గాని నాకు అనుమానము రాలేదు. తల్లిని పిలిపించినాను. ఆమె నాట్లకు, కలుపులకు పోయే మనిషి. వాడు తాతతో కలిసి చిన్ననాటినుండి కల్లు త్రాగుతున్నాడనీ, కల్లు ఒంటికి చలువ అని తామెవరూ కాదనలేదనీ చెప్పినది.

నేను బి.ఇడి. చదివినదానను. బాలల మనస్తత్వ శాస్త్రములో మంచి మార్కులే తెచ్చుకొన్నాను. ఆ ధైర్యముతో ఆమెకొక ఆజ్ఞ ఇచ్చినాను. "వారము రోజులు వానిని ఇల్లు కదలనీయవద్దు, చుక్క ముట్టనీయవద్దు, వాడు ఏడ్చినా కరగవద్దు" అన్నాను. ఆమె అట్లే చేసినది. మొదటి రోజు చేతులు వణకినవి. రెండవ రోజు రాత్రి గోడలమీద ఏవో ప్రాకుతున్నవని కేకలు వేసినాడు. మూడవ రోజు తెల్లవారుజామున మూర్ఛ వచ్చి నోట నురుగు క్రమ్మినది. ట్రాక్టరుమీద రోడ్డు దాకా తెచ్చి, అక్కడినుండి జీపులో రాయచూరుకు తీసుకొని పోయినారు. విషయము తెలిసి నేను పోయేసరికి ఆమె వరండాలో కూర్చుని ఉన్నది. నన్ను తిట్టలేదు. "మీరు చెప్పినట్లే చేసినాను గదా, టీచరమ్మా" అన్నది. అంతే.

బాలుడు బ్రతికినాడు. అక్కడి వైద్యులు నన్ను ప్రక్కకు పిలిచి, మాన్పించవలెననుట సరియే గాని మాన్పించు పద్ధతి ఇది కాదని ఓపికగా చెప్పినారు. మన ప్రాంతమున అమ్ముతున్న కల్లులో చాలాభాగము చెట్టునుండి దిగిన కల్లు కాదు. ఈతచెట్లు, తాటిచెట్లు తగ్గిపోయినవి, త్రాగువారు తగ్గలేదు. అందుచేత నీళ్ళు, శాకరిన్ కలిపి, మత్తుకోసము సి.హెచ్. పొడి వేస్తారు. అది క్లోరల్ హైడ్రేటు, ఒకప్పుడు వైద్యులు నిద్రమందుగా వాడినది. అది దొరకనిచోట డయాజిపామ్, ఆల్ప్రాజోలామ్ వేస్తారు. ఇవి రోజూ లోపలికి పోగా పోగా మెదడు వాటికి అలవాటు పడుతుంది. హఠాత్తుగా ఆపితే తిరగబడుతుంది. వణుకు, భ్రమలు, మూర్ఛ అందువల్లనే. వైద్యుని పర్యవేక్షణలో మందు మోతాదు కొద్దికొద్దిగా దించుతూ రావలెను. అధికముగా సారాయి, బ్రాందీ త్రాగువారి విషయములోనూ ఒక్కసారిగా ఆపుట ప్రమాదమే.

ఇది ఒక్క బాలుని కథ కాదని నాకు 2015లో మరింత స్పష్టమైనది. ఆ సెప్టెంబరు నెలలో తెలంగాణ ప్రభుత్వము కల్తీ కల్లుపై దాడులు జరిపించగా సరఫరా ఒక్కసారిగా ఆగిపోయినది. మహబూబ్‌నగర్, నిజామాబాదు ప్రాంతముల ఆసుపత్రులకు వందలాది మంది ఇవే లక్షణములతో వచ్చినారు. హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు కూడ చేరినారు. మహబూబ్‌నగర్ మనకు పొరుగే గదా. సి.హెచ్. పొడి పట్టుబడినదను వార్త మన రాయచూరు జిల్లానుండి కూడ పత్రికలలో వస్తూనే ఉన్నది.

ఇక మద్యము సంగతి. మన తెలుగువారికి ఈ విషయములో ఒక గొప్ప చరిత్ర ఉన్నది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా కేంద్రమునకు వచ్చి చదువు నేర్చుకొన్న స్త్రీలు 1992లో సారా దుకాణమును మూయించినారు. రాత్రిబడిలో మొదలైన ఆ మాట రాష్ట్రమంతా వ్యాపించి 1993 అక్టోబరులో సారా నిషేధమునకు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకు దారి తీసినది. 1997లో దానిని ఎత్తివేసినారు. ఇక్కడ కర్ణాటకలో 2007 జూలైనుండి సారాయి నిషిద్ధము. 2019 జనవరిలో వేలాది స్త్రీలు మద్యనిషేధము కోరుతూ చిత్రదుర్గమునుండి బెంగుళూరు దాకా నడిచినప్పుడు వారిలో మన జిల్లా స్త్రీలు అనేకులున్నారు. వారికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే దుకాణము మూసిన మరునాడు, త్రాగుటకు అలవాటు పడినవాడు ఎక్కడికి పోవలెనన్న ప్రశ్నను ప్రభుత్వములు గాని, మనము గాని తగినంతగా వేసుకొనలేదని నా అభిప్రాయము.

2019లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన సర్వేలో రెండు అంకెలు నన్ను నిద్రపోనీయలేదు. ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు జరిపిన సర్వే అది. మద్యమునకు బానిసలైన 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందినదట. రెండవది మన పిల్లలను గూర్చినది. వాసన పీల్చి మత్తెక్కు పదార్థముల వాడకము పెద్దలలో నూటికి 0.58 కాగా, 10 నుండి 17 ఏండ్ల పిల్లలలో 1.17. పెద్దలకంటె పిల్లలే ఎక్కువగా వాడునది ఈ ఒక్కటే. వైట్‌నరు, పంక్చరు అంటించు సొల్యూషను, థిన్నరు, ఇవి గంజాయివలె చాటుగా దొరకునవి కావు, అంగడిలో పది ఇరవై రూపాయలకు దొరకునవి. బిడ్డ చొక్కా చేతికి, రుమాలుకు ఘాటైన వాసన వస్తున్నదా, పెదవుల చుట్టూ పొక్కులున్నవా, చూడండి. స్నేహితులు చెరిపినారని వెంటనే అనవద్దు. ఆ స్నేహితుని తల్లి కూడ మీ బిడ్డను గూర్చి అదే మాట అంటూ ఉంటుంది.

తండ్రులకు ఒక మాట, కోపగించుకొనవద్దు. క్వార్టరు తెమ్మనీ, గుట్కా పొట్లము తెమ్మనీ కొడుకును అంగడికి పంపువారు ఈ సభలో లేరని నేననుకొనుట లేదు. పండుగనాడు "ఒక్క గుక్క త్రాగరా" అని నవ్వుతూ ఇచ్చు మామలూ ఉన్నారు. 2015 నాటి బాలల న్యాయ చట్టము 77వ సెక్షను ప్రకారము వైద్యుడు చెప్పితే తప్ప బాలునికి మద్యము, మత్తుపదార్థము, పొగాకు ఇచ్చినవారికి ఏడేండ్ల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చును. ఆ చట్టము అంగడివానికే కాదు, మామకూ వర్తిస్తుంది.

వైద్యము ఎక్కడున్నదని అడుగుతారు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో మత్తువ్యసనములకు ప్రత్యేక విభాగమున్నది, ధారవాడలో మానసిక వైద్యసంస్థ ఉన్నది. కాని ఒక కూలి తల్లి బిడ్డను వెంటబెట్టుకొని ఎన్నిసార్లు బెంగుళూరు పోగలదు? అందుకనే మన పొరుగు బళ్ళారి జిల్లా సంగతి చెప్పవలెను. 1980వ దశకములో నిమ్హాన్స్ వారు ఆ జిల్లాలో ఒక ప్రయోగము చేసినారు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల వైద్యులకే మానసిక వైద్యములో శిక్షణ ఇచ్చి, రోగి ఊరికి దగ్గరలోనే మందు ఇప్పించినారు. 1996నుండి మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు అదే నమూనా. తరువాత కర్ణాటకలో మనోచైతన్య అను పేరున మంగళవారములందు తాలూకా ఆసుపత్రులకు మానసిక వైద్యులను పంపు ఏర్పాటు కూడ వచ్చినది. రాయచూరులో రిమ్స్ ఉన్నది. మన తాలూకా ఆసుపత్రికి పోయి మనోవైద్యుడు ఏ రోజు వస్తాడని అడుగుట మీ హక్కు. రాకపోతే ఎందుకు రాలేదని పదిమంది కలిసి అడగండి. ఒక్కరు అడిగితే సిగ్గు, పదిమంది అడిగితే అర్జీ.

పరువు పోతుందన్న భయముతో కొందరు ఎవరో చెప్పిన ఊరుపేరులేని కేంద్రములకు పిల్లలను అప్పగించి వస్తున్నారు. కట్టివేయుట, కొట్టుట చికిత్స కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము ప్రకారము మైనరును ఆసుపత్రిలో చేర్చుకొనుటకు ముందు ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షింపవలెను, పెద్దలనుండి వేరుగా ఉంచవలెను, తల్లి గాని తండ్రి గాని, సంరక్షకులు గాని వెంట ఉండవలెను. "మీరు వెళ్ళిపొండి, మూడు నెలలకు రండి" అన్నచోట బిడ్డను వదలవద్దు. ఇంకొకటి, మందులతో శరీరము కుదుటపడుటకు కొన్ని వారములు చాలవచ్చును. మనసు కుదుటపడుటకు నెలలు పడుతుంది, నడుమ ఒకటి రెండుసార్లు జారిపడుట కూడ జరుగుతుంది. జారినంతమాత్రమున వైద్యము వృథా అయినదని అనుకొనరాదు.

నా కథలో ఒక ముక్క మిగిలినది. ఆ బాలుడు ఆసుపత్రినుండి వచ్చిన తరువాత బడిలో ఉపాధ్యాయుల సమావేశము జరిగినది. తక్కిన పిల్లలు చెడిపోతారని, టి.సి. ఇచ్చి పంపుటయే మేలని అనుకొన్నారు. నేను మాట్లాడలేదు. నావల్లనే మూర్ఛ వచ్చినదన్న సంగతి బయటపడునేమోనన్న పిరికితనము కూడ ఉన్నది. ఆ తరువాత వాడు ఏ బడికీ పోలేదు. రమ్మని పిలుచుటకు నేనూ పోలేదు. వైద్యులు నిలబెట్టిన బిడ్డను బడి బయట నిలబెట్టినది. రోజుకు ఆరు గంటలు వానికి తోడుగా ఉండగల చోటు బడి ఒక్కటే. అది మూసుకొన్న తరువాత మిగిలినది తాత, ఆ కల్లు దుకాణమే.

నేను ఇక్కడ ప్రధానోపాధ్యాయినిగా చేరిన తరువాత ఈ కారణముమీద ఎవరికీ టి.సి. వ్రాయలేదు, వ్రాయను. టెలి మానస్ నంబరు 14416ను ప్రతి తరగతి గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించినాము. పైసా ఖర్చులేదు, పగలు రాత్రి ఎప్పుడైనను తెలుగులోను, కన్నడములోను మాట్లాడవచ్చును. ఫోనులో చెప్పుకొనలేనివారు సాయంకాలము నాలుగున్నర తరువాత నా గదికి రండి. ఆ వేళకు అటెండరు కూడ ఉండడు. పేరు ఏ రిజిస్టరులోనూ వ్రాయను. ఆసుపత్రికి తోడు కావలెనంటే మంగళవారము నేను వస్తాను.