సెకోయా డబ్బు మన మహిళా గ్రూపుల దాకా ఎలా వచ్చింది?

(రైతుసంఘం ఆధ్వర్యంలో బౌద్ధనగర్‌లో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య మన ఊళ్లకు కొత్త కంపెనీల మనుషులు వస్తున్నారు. ఫోన్‌లో యాప్ వేసుకోండి, విత్తనం, మందు మేమే పంపిస్తాం, పంట కూడా మేమే కొంటాం అంటున్నారు. మంచి కంపెనీలు ఉండొచ్చు. కానీ వాటిలో చాలావాటి వెనక వెంచర్ క్యాపిటల్ అనే డబ్బు ఉంది. దాని నడక తెలియకుండా సంతకం పెట్టకూడదు.

బ్యాంకు అప్పు ఇస్తుంది, వడ్డీ అడుగుతుంది. వీళ్లు అప్పు ఇవ్వరు, కంపెనీలో వాటా కొంటారు. ఆ వాటాను తర్వాత ఎక్కువ ధరకు అమ్ముకుని వెళ్లిపోతారు. వీళ్లలో పేరున్నది సెకోయా. 1972లో కాలిఫోర్నియాలో డాన్ వాలెంటైన్ పెట్టాడు. 1978లో ఆపిల్‌లో, 1999లో గూగుల్‌లో పెట్టుబడి పెట్టింది. ఇలాంటి సంస్థల్లో తిరిగే డబ్బు ఎక్కువగా అక్కడి యూనివర్సిటీల నిధులు, పెన్షన్ నిధులు, ట్రస్టులది. మామూలుగా పదేళ్ల గడువుతో తీసుకుంటారు. ఆ లోపు లాభంతో తిరిగి ఇచ్చేయాలి. పది కంపెనీల్లో పెడితే సగానికి పైగా మునుగుతాయి కాబట్టి, మిగిలిన ఒకటో రెండో ఎన్నో రెట్లు పెరిగి తీరాలి. నిదానంగా నడిచే వ్యాపారం వీళ్లకు పనికిరాదు. మన వరి మడి ఏడాదికి రెట్టింపు పండదు కదా!

2006లో సెకోయా వెస్ట్‌బ్రిడ్జ్ అనే సంస్థను కలుపుకుని మన దేశానికి వచ్చింది. 2007లో ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్‌లో డబ్బు పెట్టింది. ఈ ఎస్‌కేఎస్ అసలు పేరు స్వయం కృషి సంగం. 1997లో విక్రమ్ ఆకుల దాన్ని లాభాపేక్ష లేని సొసైటీగా పెట్టారు. మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో పని మొదలైంది. షావుకారు వడ్డీ కంటే తక్కువకు పేద ఆడవాళ్లకు అప్పు ఇవ్వాలన్నది ఉద్దేశం. అది తప్పుడు ఉద్దేశమని నేను అనను. షావుకారు దగ్గర అప్పు చేసినవాళ్లెవరూ అనరు.

తర్వాత సొసైటీ పోయి లాభాల కంపెనీ వచ్చింది. అప్పు తీసుకున్న ఆడవాళ్ల తరఫున అంటూ కొన్ని షేర్లు ట్రస్టుల పేర పెట్టారు. సెకోయా, ఆ వెనకే మరికొందరు వచ్చాక కంపెనీ పరుగు అందుకుంది. 2010 ఆగస్టులో షేర్లు మార్కెట్లోకి వచ్చాయి, ఒక్కోటి 985 రూపాయలకు. మొత్తం 1,600 కోట్లకు పైగా వసూలైంది. అందులో సగానికి మించి కంపెనీకి కాదు, పాత వాటాదారుల జేబుకు వెళ్లింది. అమ్మినవాళ్లలో సెకోయా ఉంది, ఆడవాళ్ల పేరు చెప్పి పెట్టిన ట్రస్టులూ ఉన్నాయి. బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకు యూనస్ గారు కూడా దీన్ని తప్పుపట్టారు.

షేరు ధర పెరగాలంటే అప్పులు పెరగాలి. ఒక్క కంపెనీయే కాదు, అందరూ అదే పరుగులో ఉన్నారు. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీలు అప్పిచ్చాయి. వాయిదా మాత్రం వారం వారం కట్టాలి. పంట డబ్బు వారం వారం వస్తుందా? ఒకరు కట్టకపోతే గ్రూపులో మిగతావాళ్లు కట్టాలి, అందుకని తోటి ఆడవాళ్లే వచ్చి గడపలో కూర్చునేవారు. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. షేర్లు మార్కెట్లోకి వచ్చిన రెండు నెలలకే, 2010 అక్టోబరు 15న, రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. తర్వాత అది చట్టమైంది. వసూళ్లు ఆగాయి, షేరు కుప్పకూలింది. 2011లో ఆకుల తప్పుకున్నారు. కంపెనీ భారత్ ఫైనాన్షియల్ అని పేరు మార్చుకుని 2019లో ఇండస్‌ఇండ్ బ్యాంకులో కలిసిపోయింది. ముందుగా అమ్ముకున్నవాళ్లు అమ్ముకున్నారు.

ఇదంతా పాత కథ అనుకోకండి. 2011లో రిజర్వు బ్యాంకు ఈ అప్పుల వడ్డీకి 26 శాతం హద్దు పెట్టింది, తర్వాత ఆ లెక్క మార్చి, 2022లో వడ్డీ హద్దులు ఎత్తేసింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు మన రాష్ట్ర చట్టం వర్తించదని చెప్పింది. అంటే 2010లో దొరికిన అడ్డు ఇప్పుడు వాళ్ల విషయంలో లేదు.

సెకోయా భారత శాఖ 2020లో బిహార్ నుంచి వచ్చిన దేహాత్ అనే వ్యవసాయ కంపెనీలో పెట్టుబడి పెట్టింది. 2023లో ఆ శాఖ విడిపోయి పీక్ ఫిఫ్టీన్ అని పేరు పెట్టుకుంది. దేహాత్ అలా చేస్తుందని నేను చెప్పడం లేదు. కానీ గడువు డబ్బు అక్కడా గడువు డబ్బే. కొన్నాళ్లు ఎరువు మీద తగ్గింపు ఇస్తారు, ఊళ్లో చిన్న దుకాణం మూతపడుతుంది, ఆ తర్వాత ధర ఎవరు నిర్ణయిస్తారు?

మనకు ఒక దారి ఉంది. కంపెనీల చట్టంలో రైతు ఉత్పత్తిదారుల కంపెనీకి వేరే నిబంధనలు ఉన్నాయి. అందులో ఉత్పత్తిదారులే సభ్యులు. బయటి పెట్టుబడిదారు వాటా కొని అమ్ముకుపోలేడు. దానివల్ల మూలధనం కష్టంగా దొరుకుతుంది, నిజమే. ఆ లోటు సహకార బ్యాంకు, నాబార్డు తీర్చాలని మనం అడగాలి.

ఏ కంపెనీ వచ్చినా మూడు అడగండి. మీ వాటాదారులు ఎవరు? వాళ్లు ఎప్పుడు వెళ్లిపోతారు? కంపెనీ చేతులు మారితే మా ఒప్పందం, మా బాకీ ఏమవుతుంది? జవాబు కాగితం మీద తీసుకోండి. ఒప్పందం ఇంగ్లిషులో ఉంటే సంతకానికి ముందు సంఘం ఆఫీసుకు తీసుకురండి. ఇక్కడున్న విద్యార్థుల్లో ఇద్దరు ముగ్గురు నెలకోసారి వచ్చి చదివిపెడితే చాలు, పేర్లు ఈ రోజే ఇవ్వండి.