సమస్యను కాగితం మీద పెడదాం
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆఫీసులో నేర్చుకున్నది రిటైరయ్యాక ఇంట్లో ఏమైనా పనికొస్తుందా అన్న విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. పనికొస్తుందనే నా నమ్మకం. మూడు అలవాట్ల గురించి మాత్రం మనవి చేస్తాను.

మొదటిది, సమస్యను కాగితం మీద పెట్టడం. మనమంతా నోట్ ఫైలు రాసినవాళ్లమే. విషయం ఏమిటి, రూలు ఏం చెబుతోంది, ఇదివరలో ఇలాంటి కేసులో ఏం చేశారు, ఇప్పుడేం చేయవచ్చు అనే వరుస తప్పితే సూపరింటెండెంటుగారు ఫైలు వెనక్కి పంపేవారు. అప్పట్లో విసుగనిపించినా మన ఆలోచనకు క్రమం నేర్పింది ఆ వరుసే.

రెండవది, "ఎందుకు?" అని అడుగుతూ పోవడం. జపానులోని టయోటా కార్ల కంపెనీలో తైయిచి ఓనో అనే ఇంజనీరు, యంత్రం ఆగిపోతే ఐదుసార్లు "ఎందుకు" అని అడగమనేవారు. మన ఆఫీసులకూ ఇది వర్తిస్తుంది. నేను పనిచేసిన ఒకచోట, సర్వీసులో ఉండగా చనిపోయిన ఒక అటెండరుగారి భార్యకు ఎనిమిది నెలలైనా ఫ్యామిలీ పెన్షన్ రాలేదు. ఎందుకు? ప్రతిపాదనలు అభ్యంతరంతో తిరిగి వచ్చాయి. ఎందుకు? సర్వీసు రిజిస్టరులో రెండేళ్ల వెరిఫికేషన్ లేదు. ఎందుకు? ఆ రెండేళ్లు ఆయన వేరే ఆఫీసులో పనిచేశారు, అక్కడివారు ఎంట్రీ వేయకుండానే రిజిస్టరు పంపేశారు. ఎందుకు? రిజిస్టరు పంపేముందు ఒకసారి తెరిచి చూసే ఆనవాయితీయే అక్కడ లేదు.

రిమైండర్లన్నీ పెన్షన్ మంజూరు చేసేవారికి వెళ్తున్నాయి, లోపం ఉన్నది పాత ఆఫీసులో. మనిషిని అక్కడికి పంపి, పాత పే బిల్లులు చూపించి ఎంట్రీ వేయించాం. ఆమెకు పెన్షన్ వచ్చింది. ఆ తర్వాత, బదిలీపై వచ్చిన ప్రతి రిజిస్టరునూ వారంలోగా పరిశీలించాలని సెక్షన్లో నియమం పెట్టుకున్నాం. ఒక కేసు తీర్చడం పని అయితే, మళ్లీ అలాంటి కేసు రాకుండా చూడటం పరిష్కారం.

మూడవది, పెద్ద నిర్ణయానికి వ్యవధి ఇవ్వడం. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1772లో జోసెఫ్ ప్రీస్ట్‌లీకి రాసిన ఉత్తరంలో తన పద్ధతి చెప్పారు. కాగితాన్ని రెండు భాగాలు చేసి, అనుకూలాలు ఒకవైపు, ప్రతికూలాలు మరోవైపు మూడు నాలుగు రోజులపాటు రాసుకుంటూ పోవాలి. సరితూగేవి కొట్టేసి, మిగిలినదాన్నిబట్టి తేల్చుకోవాలి. ఇల్లు అమ్మాలన్నా, రిటైర్మెంటు సొమ్ము ఎవరికైనా ఇవ్వాలన్నా ఈ కాగితం రాయండి.

ఈమధ్య పోలీసులమని వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్టు" అని బెదిరిస్తున్నారు. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. మనకు ఆలోచించుకునే వ్యవధి లేకుండా చేయడమే వాళ్ల ఎత్తు. ఫోను పెట్టేసి ఇంట్లోవాళ్లకు చెప్పండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

చివరగా ఒక్క విన్నపం. ఇంటికి వెళ్లగానే పి.పి.ఓ. తీసి, మీ భార్య లేక భర్త పేరు, పుట్టినతేదీ సరిగా ఉన్నాయో లేదో ఇద్దరూ కూర్చుని చూసుకోండి. తేడా ఉంటే మనం ఉండగానే దిద్దించుకోవడం సులువు. ఆ తర్వాత ఆఫీసుల చుట్టూ వాళ్లొక్కరే తిరగాలి.