అప్పు మన తెలివితక్కువతనం కాదు
(అనకాపల్లి రైతుల సభలో చేసిన ప్రసంగం)



రైతుకు లెక్కలు రావు, దొరికినచోటల్లా అప్పు చేస్తాడని కొందరంటారు. మన లెక్క మనకు తెలుసు. నూటికి రెండు రూపాయల వడ్డీకి 50 వేలు తెస్తే ఏడాదికి వడ్డీ 12 వేలు. అదే బ్యాంకు పంట రుణం గడువులోగా కడితే 4 శాతం, అంటే 2 వేలు. 10 వేలు తేడా అని తెలిసే బయట తెస్తున్నాం. ఎందుకంటే జడచుట్ల కూలి ఈ రోజే ఇవ్వాలి. బ్యాంకు చుట్టూ తిరిగేదాకా చెరకు ఆగదు.

కౌలు రైతుకు ఆ దారి కూడా లేదు. 2019 చట్టం కింద 11 నెలలకు ఇచ్చే సాగు హక్కు పత్రం భూ యజమాని సంతకం లేనిదే రాదు. ఇక మిగిలింది బెల్లం వ్యాపారి అడ్వాన్సు. అది తీసుకున్నాక దిమ్మలు ఆ కొట్టుకే వెయ్యాలి. ధర వచ్చేదాకా ఆగే వీలు ఆ రోజే పోతుంది. వడ్డీ కన్నా ఇదే పెద్ద నష్టం.

తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు, కోత తర్వాత తెలివి పరీక్షలు పెట్టారు. 2013లో ‘సైన్స్’ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. చేతిలో డబ్బు లేనప్పుడు తడబడిన రైతులే, పంట డబ్బు వచ్చాక బాగా చేశారు. మనుషులు వాళ్లే, మారింది చేతిలో డబ్బు. పిల్లల ఫీజు గడువు నెత్తిమీద ఉన్నప్పుడు నోటు చదవకుండా సంతకం పెట్టినవాళ్లం మనలో ఎందరం లేం?

మరి మనకు రావలసిన బాకీ మాటేమిటి? 1966 చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఫ్యాక్టరీ 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే ఏటా 15 శాతం వడ్డీ కలపాలి. మనం 24 శాతం కడుతూ, మనకు రావలసిన ఆ 15 శాతం అడగడం లేదు.

అందుకే మూడు మాటలు. పంట డబ్బు చేతికొచ్చిన వారంలోనే, మనసు నిబ్బరంగా ఉన్నప్పుడే, బ్యాంకు రుణం రెన్యువల్ చేయించుకుందాం. ఖాళీ నోటు మీద సంతకం పెట్టొద్దు, ముందు సంఘంలో చూపిద్దాం. యజమాని సంతకం షరతు తీసేయాలని, చెరకు బాకీ వడ్డీతో ఇవ్వాలని అందరం కలిసి అడుగుదాం.

అవసరం ఒంటరిగా ఉన్నవాణ్ణే లొంగదీస్తుంది. మనం ఒంటరిగా ఉండొద్దు.