ఆదోని సేనాపతి సిద్ది మసూద్ ఖాను



కోడుమూరు ప్రాంతమునుండి ఆదోనికి రాకపోకలు గల పెద్దలు అచ్చటి జామియా మసీదును చూచియే యుందురు. దానిని కట్టించిన సిద్ది మసూద్ ఖానును గూర్చి నేడు నాలుగు మాటలు విన్నవింప దలచినాడను.

ఇతడు హబ్షీ. ఆఫ్రికా ఖండములోని అబిసీనియానుండి దాసులుగా వచ్చిన హబ్షీలలో పెక్కురు దక్కను రాజ్యములలో సేనానులును, మంత్రులును అయిరి. అహమ్మదునగరపు మాలిక్ అంబరు అట్టివాడే. మసూదు మామ సిద్ది జౌహరు. కర్నూలు అతని చేతిలో నుండెను. 1660లో జౌహరు పన్హాలా కోటలో శివాజీని ముట్టడించెను. వానకాలపు రాత్రి శివాజీ తప్పించుకొనిపోగా, వెంట తరిమిన దండునకు నాయకుడు మసూదే. ఇరుకు కనుమలో బాజీప్రభువు ప్రాణమొడ్డి యడ్డగించుటచే ఆ వేట ఫలింపలేదు.

1662 ప్రాంతమున మసూదునకు ఆదోని దక్కెను. 1678లో బాలుడైన సికందరు ఆదిల్ షాహీకి సంరక్షకుడై బిజాపూరు రాజ్యభారము వహించెను. ఆ పదవి అతనికి అచ్చిరాలేదు. బొక్కసము వట్టిపోయెను, సర్దారులలో ఐకమత్యము లేదు. 1679లో సుల్తాను సోదరిని మొగలులకడకు పంపవలసివచ్చెను. అంతటితోను తృప్తిచెందక దిలేరు ఖాను బిజాపూరుపైకి నడచెను. అప్పుడు మసూదు సాయము వేడినది ఎవరినో యెరుగుదురా? పందొమ్మిదేండ్ల క్రిందట తాను తరిమిన శివాజీనే! శివాజీయు సేనల నంపెను. రాజకీయములలో ఇట్టి వింతలు కొత్తకావు.

1683లో మసూదు విసిగి పదవి విడిచి ఆదోని చేరెను. 1686లో బిజాపూరు, 1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. 1688లో ఫిరోజు జంగు ఆదోనిని చుట్టుముట్టెను. ఇతడు మొదటి నిజాముకు తండ్రి. కోట లొంగకుండగా మొగలులు ఫిరంగులను మసీదు వైపునకు త్రిప్పిరనియు, తన మసీదు కూలుట చూడలేక ఖాను కోటను అప్పగించెననియు చెప్పుదురు. నేనిట్లు తలచెదను: రెండు రాజ్యములును పడిపోయిన పిమ్మట అతనికి తోడు రాగల సేన ఏ దిక్కుననులేదు. కోట నేడు కాకున్న రేపు పోవలసినదే. మసీదు మాత్రము అతని చేతిలో నున్నది, దానిని దక్కించుకొనెను.

ఆ దండయాత్రలో నుండిన బికనేరు రాజు అనూపసింహుడు పిమ్మట ఆదోనికి పాలకుడై 1698లో ఇచ్చటనే మరణించెను. మన కోటలోని ఆయుధములు కొన్ని ఎడారి నడుమనున్న బికనేరు చేరినవి. మొగలులు ఊరికి ఇంతియాజుగఢ్ అని పేరిడిరి. ఆదోని ప్రత్తి సంతలో ఆ పేరు పలికినవారిని నేను విని యెరుగను.